నెలకు మూడు రోజులే

టీకా జాబితాలో ఆ పిల్ల పేరు తొమ్మిదో వరసలో ఉంది. గర్భసంచి మూతికి వచ్చే క్యాన్సర్ రాకుండా పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి వేసే టీకా అది. ధర్మవరంలో మనుషులు చాలక నన్ను పెనుకొండ నుంచి పది రోజులు ఇక్కడికి వేశారు. పాత చోటే, పదిహేనేళ్లు పనిచేసిన వీధులే. ఆశా కార్యకర్త పేర్లు రాసుకొచ్చి నా ముందు పెట్టింది. తొమ్మిదో వరసలో తల్లి పేరు రాయాల్సిన చోట "లేదు" అని ఉంది.

"లేదు ఏంది? తల్లి లేకుండానే పుట్టిందా? పేరు రాయాలని తెలీదా నీకు?" అని కసిరాను. నాకు కోపం ఎక్కువ. సర్వీసంతా ఆ పేరే మోశాను.

"ఆయమ్మ చచ్చిపోయింది గదా మేడం. మీకు తెలుసు గదా" అంది ఆశా.

అప్పుడు చూశాను ఇంటిపేరు, వీధి పేరు. తల్లి పేరు నేనే రాశాను, రెండుసార్లు కొట్టేసి మరీ. ఇక్కడ మాత్రం రాయను. ఆమె బతికుంటే తన సంగతులు నలుగురికీ తెలియడానికి చచ్చినా ఒప్పుకునేది కాదు.

మొదటిసారి వచ్చినప్పుడు ఈ పిల్లే ఆమె చంకలో ఉంది, ఏడాది నిండిందో లేదో. పొట్టి మనిషి, పెద్ద నవ్వు. పుట్టిల్లు హిందూపురం దగ్గర, మడకశిర దారిలో ఏదో ఊరు. మాట మధ్యలో కన్నడం దొర్లేది. బెంచీ మీద కూర్చుని కూడా రెండు పాదాలూ ఒకదాని తర్వాత ఒకటి నేలకేసి నొక్కుతూ ఉండేది. మగ్గం గుంతలో కూర్చుని తొక్కుడుపలకలు తొక్కీ తొక్కీ వచ్చిన అలవాటు. ఎదురుగా కూర్చున్నవాళ్లకి చిరాకు పుట్టేది.

"సిస్టరా, నాకు పిల్లల ఆపరేషన్ వద్దు" అంది. "ఆపరేషనైతే నెలా రెండు నెలలు మగ్గం మీద కూర్చోనియ్యరు. లూపైతే పొద్దున పెట్టిచ్చుకుని మద్దేనానికే కూర్చోవచ్చునంట గదా?"

"ఎవరు చెప్పారమ్మా మద్దేనానికే అని? ఒక పూటైనా పడుకో."

"పడుకుంటే పడుగు నేసేదెవరు, నువ్వొస్తావా?" అని పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నన్ను నవ్వించినవాళ్లు ఆ వీధిలో చాలా తక్కువ. కాపర్-టి పెట్టేటప్పుడు బల్ల మీద కూడా ఆ కాళ్లు ఊరుకోలేదు. "కాళ్లు కదపొద్దు, కదిపావంటే తంతా" అని అరిస్తే, "నేను కదపడంలా సిస్టరా, అవే కదులుతాండాయి" అంది.

ఆమెకి ఒక గుణం ఉంది. తప్పు ఎవరిదైనా సరే, మనిషి మీద పడనిచ్చేది కాదు. ఒకసారి పిల్ల టీకాల కార్డు పోగొట్టింది. నేను గుడ్లురిమితే "ఎలక కొట్టేసింది" అంది. తర్వాత తెలిసింది, చూపు ఆనని అత్త దాన్ని పొయ్యి ముట్టించడానికి వాడేసిందని. మొగుడు తాగొచ్చి మగ్గం మీద చెయ్యేసి చీర అంచు చెడగొడితే, షావుకారుకి "నాడె జారింది" అని, పేక పోగును అటూ ఇటూ తీసుకుపోయే ఆ కొయ్య మీదకి నెట్టి, తిట్లు తనే తినొచ్చింది. ఇవన్నీ నాకు ఇరుగుపొరుగు చెప్పినవే. తను ఒక్కటీ చెప్పలేదు. ఇంత అబద్ధాలకోరును నేను చూడలేదు. ఒక్క అబద్ధమూ తన కోసం ఆడినది కాదు.

లూపు పెట్టిన నెలకి మళ్లీ వచ్చింది. ఆ రోజు నవ్వు లేదు.

"పదైదు రోజులాయె సిస్టరా, కనపడతానే ఉండాది. ఒక దినం తగ్గుతాది, మళ్లా వస్తాది. మాయత్త మగ్గం ముట్టనీదు. పెండ్లి చీర, సగంలో నిలిచిపోయింది."

వాళ్లింట్లో అది కట్టుబాటు. ముట్టు రోజుల్లో ఆడమనిషి మగ్గం తాకకూడదు. పెళ్లి చీర ఉన్నప్పుడైతే ఆ గదిలోకే రాకూడదు. మూడు రోజులైతే ఎవరూ ఏమీ అనుకోరు. పదిహేను రోజులు మూలన కూర్చుంటే ఇల్లెట్లా జరుగుతుంది? బయట నలభై మంది తల్లులు, చంకల్లో ఏడుస్తున్న పిల్లలు. నేను సూది మందు తీస్తూ తీస్తూ, తలెత్తకుండా చెప్పాను.

"అది ముట్టు కాదు. లూపు నెత్తురు. లూపు పెట్టినవాళ్లకి అట్లా కనబడుతుంది. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. పోయి మగ్గం ఎక్కు."

నా మాటలో అబద్ధం లేదు. లూపు పెట్టిన కొద్ది నెలలు అట్లా కనబడటం మామూలే. ఎన్నాళ్ల వరకు మామూలో, ఎప్పటి నుంచి కాదో చెప్పాలి. నేను చెప్పలేదు. సూది మందు తీస్తున్నాను.

అంతటితో ఊరుకోలేదు నేను. సాయంత్రం వాళ్లింటికి పోయి అత్తను కూర్చోబెట్టి అదే మాట చెప్పాను. ఆ ముసలమ్మ ఒక పట్టాన ఒప్పుకునే రకం కాదు.

"నెత్తురు నెత్తురే గదమ్మా. అందులో ముట్టు నెత్తురు, లూపు నెత్తురు అని రెండుంటాయా?"

"ఉంటాయి. నేను చదువుకున్నదాన్ని, చెప్తున్నా గదా."

"గవర్మెంటు సిస్టరు చెప్తాంటే మేమెంతలే" అని ముసలమ్మ దిగింది. కోడలు తలుపు వెనక నుంచి నాకు దండం పెట్టింది, కళ్లతో నవ్వుతూ. ఆ మాట వీధంతా పాకింది. లూపు పెట్టించుకున్న ఆడవాళ్లంతా మూల వదిలి మగ్గాలెక్కారు. నేను ఒక మూఢాచారాన్ని ఒంటి చేత్తో పడగొట్టానని మీటింగుల్లో చెప్పుకుని మురిసిపోయాను. చప్పట్లు కొట్టారు కూడా.

కొన్ని నెలలకి అది ఆగిపోయింది. ఏళ్లు గడిచాయి. ఆమె ఎక్కడ కనబడినా "ఎట్లుండావు?" అంటే "బాగుండా సిస్టరా, మగ్గం మిందనే ఉండా" అనేది. బాగుండటమంటే ఆమెకి అదే.

ఒకసారి వాళ్లింటికి పోతే మగ్గం పక్క గోడకి క్యాలెండరు వేలాడుతోంది. అందులో పసుపు చుక్కలు. నెలకి మూడు, వరసగా. ప్రతి నెలా మూడే.

"ఇదేంది?"

"నా లెక్క సిస్టరా. ఎన్ని దినాలు దిగాల్నో మాయత్తకు ముందే లెక్క చెప్తా. చూడు, నెలకు మూడు రోజులే. ఒక్క దినం అటూ ఇటూ కాదు."

"శభాష్. నీ మాదిరి అందరూ రాసుకుంటే మాకు పని ఉండదు" అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. నెల మధ్యలో కనబడిన రోజులకి చుక్క పెట్టలేదని నాకెట్లా తెలుస్తుంది? లెక్కలోకి తీసుకోవద్దని చెప్పింది నేనే కదా. అప్పటికే లూపు పెట్టి ఎనిమిదేళ్లు దాటింది. ఆ నెత్తురు మళ్లీ మొదలైంది. ఈసారి లూపుది కాదు. ఆమెకి మాత్రం పేరు సిద్ధంగా ఉంది, నేనిచ్చిన పేరు.

అదే ఏడు మా దగ్గర క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెట్టారు. గర్భసంచి మూతికి మందు రాసి చూస్తారు, ఐదు నిమిషాల పని. ముప్పై మందిని తీసుకురమ్మని నా మీద పడేశారు. ఆమె గడప ముందు నిలబడి పిలిచాను.

"నాకేంటికి సిస్టరా? నాకు లూపుండాది గదా. లోపలంతా నువ్వు చూసే గదా పెట్టింది" అంది, చేతిలో నాడె ఆగకుండానే. "ఈ పడుగు రేపటికల్లా దిగాల. పైసారి వస్తా, నీ మీదొట్టు."

నాకు అప్పటికే ఇరవై తొమ్మిది మంది దొరికారు. పక్కింటామెను పిలుచుకుని పోయాను. పైసారి క్యాంపు నేను ఉండగా మళ్లీ పెట్టలేదు.

తర్వాత నడుము నొప్పి అంది. ఎక్కువసేపు గుంతలో కూర్చుంటే రాదా అన్నాను. పాలిపోయి కనబడితే ఐరన్ మాత్రలిచ్చాను. పుట్టింటికి పోయినప్పుడు హిందూపురంలో ఒక ప్రైవేటు డాక్టరమ్మకి చూపించుకుందట. "బహిష్టు ఎన్ని రోజులమ్మా?" అని ఆమె అడిగితే, "మూడు రోజులే, ఒక్క దినం అటూ ఇటూ కాదు" అని చెప్పిందట. డాక్టరమ్మ బలానికి టానిక్కు రాసి పంపించింది. ఆ సంగతి తనే వచ్చి సంబరంగా చెప్పింది నాకు. "డాక్టరమ్మ గూడా బాగుండాదనె సిస్టరా."

చివరికి కనిపెట్టింది చూపు ఆనని ఆ ముసలమ్మే. మగ్గం గుంత అంచున కోడలు కూర్చునే బొంతను ఎండేద్దామని తీసిందట. చేతికి తడి తగిలింది. వాసన తగిలింది. నాకు కబురు పెట్టింది. నేను పోయేసరికి ఆమె గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, తప్పు చేసిన పిల్లలా.

"ఎన్నాళ్ల నుంచి?"

"లూపు నెత్తురే సిస్టరా..."

"ఎన్నాళ్ల నుంచి అంటే చెప్పవేం?"

"రెండేండ్లు దాటుతాంది."

మర్నాడే హిందూపురంలో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. లూపు తీసేశారు. ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టు వచ్చిన రోజు ఆ డాక్టరు నా యూనిఫాం వైపు చూసి, "రెండేళ్లు రక్తం పోతుంటే ఒక్కరూ చూడలేదా? మీరంతా ఏం చేస్తున్నారమ్మా?" అంది.

నేను నోరు తెరిచేలోపు ఆమె అందుకుంది. "సిస్టరు తప్పేం లేదు మేడం. క్యాంపుకు రమ్మని ఇంటికొచ్చి పిలిచె. నేనే రాకపోతి. మొండిదాన్ని."

డాక్టరు ఆమెను తిట్టింది. ఆమె తల వంచుకుని పడింది. నేను పక్కనే నిలబడి విన్నాను. ఇది రాయడానికే సిగ్గుగా ఉంది. ఆ రోజు పడని సిగ్గు ఇప్పుడు పడుతున్నాను.

బెంగళూరులో కరెంటు, అదే రేడియేషన్, పెట్టించారు, మందులెక్కించారు. ఆలస్యమైందన్నారు. నాకు ఈలోగా పెనుకొండకి బదిలీ అయింది. ఒక రోజు ధర్మవరంలో పని ఉండి పెనుకొండ స్టేషన్‌లో రైలెక్కాను. బెంగళూరు నుంచి వచ్చే బండి. కిటికీ పక్క సీటు మీద దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషిని దాటి రెండడుగులు ముందుకి పోయాను కూడా.

"సిస్టరా" అన్న పిలుపుకి ఆగిపోయాను. గొంతు తప్ప ఇంకేమీ గుర్తుపట్టేటట్టు లేదు. మొగుడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. దుప్పటి కింద ఆ పాదాలు కదలడం లేదు.

"ఇది వైరసంట గదా" అంది మెల్లిగా. "హెచ్‌పీవీ అంటనో ఏమో. మొగోళ్ల నుంచి వస్తాదంట. ఆస్పత్రిలో నర్సు చెప్పె."

"ఎవరికైనా రావచ్చమ్మా. కాపురం చేసేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, దానంతటదే పోతుంది. కొందరిలోనే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అందులో ఎవరి తప్పూ వెతకకూడదు."

"ఆయప్పకు చెప్పొద్దు సిస్టరా. తలెత్తుకోలేడు. తాగుడు మానేసినాడు ఇప్పుడే." కొంచెంసేపు ఆయాసపడింది. "అయితే లూపుతో వచ్చింది కాదన్న మాట."

"కాదు. లూపుతో రాదు."

నా గొంతులో మాట ఉంది. ఆ రోజు నేను పూర్తిగా చెప్పలేదని, నా వల్లే నువ్వు రెండేళ్లు ఊరుకున్నావని. "నేను ఆ పొద్దు నీకు చెప్పిన మాట..." అన్నంత వరకు వచ్చింది.

"ఆ మాట!" అని ఆమె నా చెయ్యి పట్టుకుంది. వేళ్లలో ఎముకలు తప్ప ఏం లేవు. "నువ్వు ఆ మాట చెప్పబట్టే ఇన్నేండ్లు మగ్గం మింద కూర్చున్యా. లేకపోతే సగం దినాలు మూలన కుక్క మాదిరి పడి ఉండాల్సిందే. దేవర నిన్ను సల్లగా చూడల్ల."

శపించి ఉంటే తట్టుకునేదాన్ని. దీవించింది. ధర్మవరం వచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు, నిజం చెప్పనూ లేదు.

రెండు నెలలకి పోయింది. రెండేళ్లవుతోంది.

ఆమె పోయాక ఆ వీధిలో ఒకటే మాట. లూపు తినేసింది. కడుపులో పెట్టుకున్న తీగ కుళ్లి క్యాన్సరైంది. వారం తిరక్కుండా ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చి లూపులు తీయించుకున్నారు. నేను పెనుకొండ నుంచి సెలవు పెట్టుకుని వచ్చి ఇల్లిల్లూ తిరిగి మొత్తుకున్నాను, దానికీ దీనికీ సంబంధం లేదు, పరీక్ష చేయించుకోండి, అది ముఖ్యం అని. "చచ్చినదాన్ని కండ్లారా చూసినాం, ఇంగ నీ మాటేంది" అన్నారు. ఒక్కరంటే ఒక్కరు పరీక్షకి రాలేదు. ఒకామెకి నాలుగో కాన్పు వచ్చింది. ఇంకొకామె కడుపు పోవడానికి మందుల షాపులో మాత్రలు కొనుక్కుని మింగి చావు దాకా పోయొచ్చింది. ఇన్నేళ్లు నేను చేసిన పని ఆ వీధిలో గడ్డిపోచ పాటి నిలవలేదు.

ఇదంతా మోసుకుని మొన్న ఆ ఇంటికి పోయాను. ముసలమ్మ నా గొంతు గుర్తుపట్టి పీట వేసింది. మొగుడు మగ్గం మీద ఉన్నాడు. తొమ్మిదో వరస పిల్ల కండెలు చుడుతోంది. తల్లి కంటే పొడుగు.

టీకా సంగతి చెప్పాను. ఈ పిల్లకి ఆ జబ్బు రాకుండా కాచేది ఇదేనని, ఈ వయసులోనే వేయాలని చెప్పాను. అతను మగ్గం ఆపలేదు. లూపు మీద కోపంతో టీకా కూడా వద్దంటాడని నాకు తెలుస్తూనే ఉంది. ఆ కోపం తీగ మీద నుంచి తప్పించాలంటే ఒకటే దారి. ఇన్నాళ్లు నోట్లో దాచుకున్నది కక్కేశాను.

"అప్పా, లూపు చంపలేదు ఆమెను. నా మాట చంపింది. ఆ నెత్తురు లెక్కలోకి తీసుకోవద్దని చెప్పింది నేను. ఎన్నాళ్లో చెప్పలేదు. అది నమ్మి ఊరుకుంది. తప్పు నాది. పాపకి మాత్రం టీకా వేయించండి."

మగ్గం ఆగింది. అతను నా వైపు చూశాడు, కోపం లేకుండా.

"తెలుసు సిస్టరమ్మా."

"ఏం తెలుసప్పా?" అన్నాను.

"అదే చెప్పిపోయింది. బెంగళూరులో పడుకోనుండంగ, అన్ని దినాలు నెత్తురు పోతాంటే ఊరుకోకూడదని ఆస్పత్రోళ్లు మాట్లాడుకుంటాంటే అంతా విన్యాది. ఎట్ల జరిగిందో దానికి తెలిసిపోయె. సిస్టరు మాట వల్లని బయట అనొద్దండి, ఆయమ్మ ఉద్యోగం పోతాది, ఎవరన్నా అడిగితే లూపనండి అని మాతో ఒట్టేయించుకునె. అంటిమి. వీధంతా అంటిమి."

రైల్లో నా చెయ్యి పట్టుకునేటప్పటికే ఆమెకి తెలుసన్న మాట. నన్ను కాపాడాలని ఒక అబద్ధం చెప్పించి పోయింది. ఆ అబద్ధం వల్లే వీధి వీధంతా లూపులు పీకించుకుంది. దాని మీద నేను రెండేళ్లుగా పోట్లాడుతున్నాను, ఎవరు పుట్టించారో తెలియకుండా.

"మరి తెలిసినప్పుడు... పాపకి..."

"నీ మింద మాకు కోపం లేదు సిస్టరమ్మా. దాని ఒట్టు నిలబెట్టినాం. కానీ నువ్వు మంచికే చెప్తావు, అప్పుడూ మంచికే చెప్తివి. ఒకసారి విన్యాము. ఇంగ వద్దు. పాపకు వద్దు." మళ్లీ నాడె వేశాడు. ముసలమ్మ కాఫీ తాగి పొమ్మంది. తాగాను.

బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే పిల్ల వెనకే వచ్చింది.

"మేడం, ఆ టీకా మాయమ్మకు చిన్నప్పుడే వేసింటే బతికేదా?"

"బతికేదేమో పాపా. అప్పుడు మన దగ్గర లేదు."

"అయితే నేనొస్తా ఆస్పత్రికి. ఎప్పుడు రావాల?"

"మీ నాయన సంతకం కావాలి."

"మా నాయన పెట్టడు గదా" అంది. నేనేదో దారి చెబుతానని నా ముఖంలోకే చూస్తూ నిలబడింది. లోపల నుంచి వాళ్ల నాయన పిలిస్తే, కాసేపు చూసి పోయింది.